రిపోర్టులో బాగున్న కళ్ళు

మంగళవారం ఉదయం ఆరూ పదికి, పాలు పోసే హయాత్ చేబ్రోలు దగ్గర కాలువ పక్కన ఒక జత ఆడ చెప్పులు చూశాడు. వాటి పక్కనే వేలెడంత ప్లాస్టిక్ గొట్టం. కంట్లో వేసుకునే చుక్కల మందుది. ఖాళీ.

ఏడున్నరకల్లా ఆ చెప్పుల ఫోటో ప్రత్తిపాడు ఎస్సై గౌస్ బాషా ఫోన్‌కి చేరింది. అతను దాన్ని ఎదురుగా ఉన్న పిచ్చయ్యకి చూపించాడు. నిన్న రాత్రి ఎనిమిదికి కూతురు కనబడటం లేదని కంప్లయింట్ ఇచ్చి, ఇంటికి పోకుండా స్టేషన్ బెంచీ మీదే తెల్లవార్చిన మనిషి.

పిచ్చయ్య అవి తన కూతురివేనని తలూపాడు.

గౌస్ బాషాది కనిగిరి. నీళ్ళ కోసం ట్యాంకర్ల వెంట పరుగెత్తిన ఊరు. కాలువ గట్టు, విడిచిన చెప్పులు. అతనికి తెలిసినంతలో దానికి ఒకటే అర్థం. గజ ఈతగాళ్ళకి ఫోన్ చేశాడు.

జ్యోతిర్మయికి ఇరవై ఆరేళ్ళు. కాలేజీలో లెక్కలు చెప్పేది. చిన్నప్పటి నుంచీ మైనస్ ఏడు అద్దాలు. పదకొండు నెలల కిందట తన జీతంతో తనే లేజర్ ఆపరేషన్ చేయించుకుంది. అద్దాలు పోయాయి. నొప్పి వచ్చింది.

మామూలు నొప్పి కాదు. కంట్లో ఇసుక పోసి రుద్దినట్టు. నిద్ర లేస్తే రెప్ప గుడ్డుకి అతుక్కుపోయి, విడదీస్తే చీరుకుపోయినట్టు. ఫ్యాను గాలి పడదు. వెలుతురు పడదు. ఉద్యోగం పోయింది. నలుగురు డాక్టర్లు చూశారు. నలుగురూ ఒకటే రాశారు. చూపు సిక్స్ బై సిక్స్, కళ్ళు బాగున్నాయి.

పైగా ఇది మిర్చి కాలం. వాకిలి పక్కనే పినతండ్రి త్రినాథ్ కాయలు ఆరబోసే కల్లం. గాలి తిరిగితే ఇల్లంతా కోరు, ఆ మిర్చి ఘాటు.

ఎనిమిదిన్నరకి గౌస్ బాషా త్రినాథ్‌ని పిలిపించాడు. సోమవారం పొద్దున ఎండిన కాయల మీద ఆ పిల్ల నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించిందనీ, ఘాటు అణగాలని చేశానందనీ, తనకి ఒళ్ళు మండిందనీ త్రినాథ్ చెప్పాడు.

"చంపేస్తానన్నావంట?"

"అన్నానండి. కోపంలో మా ఆవిడని రోజూ అంటాను. ఆవిడ బానే ఉంది, చూసుకోండి."

సోమవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా త్రినాథ్ కల్లంలోనే ఉన్నాడని పదిమంది కూలీలు చెప్పారు.

ప్రత్తిపాడు బస్టాండ్ కెమెరాలో జ్యోతిర్మయి దొరికింది. సోమవారం మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదు. నల్లద్దాలు, ముఖం చుట్టూ చున్నీ. చేబ్రోలు వైపు బస్సు. ఒంటరిగా ఎక్కింది.

మరి ఆ వేళ పిచ్చయ్య ఎక్కడున్నాడు? గుంటూరు మిర్చి యార్డులో, కాయలు దింపుతూ, అని చెప్పాడు. టవర్ లొకేషన్ వేరే చెప్పింది. ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా అతని ఫోను గుంటూరులోనే, కొత్తపేట ఆస్పత్రుల వీధిలో ఉంది.

"పిచ్చయ్యగారూ, అబద్ధం ఎందుకు చెప్పారు?"

పిచ్చయ్య నేల చూపులు చూశాడు. ఆదివారం కూతురితో గొడవైందని అప్పటికే ఒప్పుకున్నాడు. నాటకాలాడుతున్నావని తిట్టాడు. ఎవడు కోయించుకోమన్నాడని తిట్టాడు.

"అదొక్కటీ నన్నడక్కండి సార్. నా బిడ్డని తీయించండి చాలు."

గౌస్ బాషా మనసు కీడు శంకించింది. అతన్నీ త్రినాథ్‌నీ జీపు ఎక్కించాడు.

పదీ నలభై. చేబ్రోలు కాలువలో ఈతగాళ్ళు రెండు గంటలుగా గాలిస్తున్నారు. ఏమీ తగల్లేదు. కాలువలో నీళ్ళు నడుంలోతు కూడా లేవు. పారుదలా అంతంతమాత్రమే. పడిన మనిషి ఎంత దూరం పోతుంది?

హయాత్‌ని పిలిచి, చెప్పులు ఎలా కనబడ్డాయో అలాగే పెట్టమన్నాడు. హయాత్ వాటిని తీసుకుని కాలువకి వీపు తిప్పి నడిచాడు. పది అడుగులు. అవతల దడి కట్టిన తోట. దడిలో మనిషి పట్టే సందు. దాని ముందు పెట్టాడు. ముందు వైపు తోటకేసి.

"ఫోటోలో గట్టు మీదున్నాయి కదయ్యా?"

"గేదెలు తొక్కుతాయని నేనే తెచ్చి గట్టు మీద పెట్టా సార్. ఫోటో తర్వాత తీశా."

అప్పుడే ఆ తోట సొంతదారు సుబ్బరావమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. జనాన్ని చూసి గొణుక్కుంటూ సందు దగ్గర ఆగింది. రెండు చెప్పులూ విప్పింది. జ్యోతిర్మయి చెప్పుల పక్కనే, అదే వరసలో. లోపలికి వంగబోయింది.

"అమ్మా, ఆగు. చెప్పులెందుకు విప్పావు?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆకుతోట బాబూ, గుడితో సమానం. తమలపాకు తోటలోకి చెప్పులతో ఎవరన్నా పోతారా? ఏ ఊరు మీది?"

గౌస్ బాషా పక్కపక్కనున్న రెండు జతల చెప్పులనీ చూశాడు. తోటలో ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ఆదివారం ఆకు కోశాక మనిషి అడుగు పెట్టలేదని చెప్పింది ముసలమ్మ.

వెంటనే ప్రత్తిపాడులో పిచ్చయ్య ఇంటికి ఫోన్ చేశాడు. జ్యోతిర్మయి తల్లి వెంకటరావమ్మ ఎత్తింది. పొద్దుటి నుంచీ ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఏడుస్తోంది కదా అని వదిలేశారు. తన పుట్టిల్లు చేబ్రోలేనని ఆమె చెప్పింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిల్ల తాత వెంట ఆకుతోటకి వెళ్ళేదట.

అతను పిచ్చయ్య వైపు తిరిగాడు.

"చావబోయే మనిషి చెప్పులు నీళ్ళ వైపు విడుస్తుంది. ఇవి తోట వైపున్నాయి. మనం మెట్ట ప్రాంతం వాళ్ళం, కాలువ ఒక్కటే చూశాం. మీ అమ్మాయి లోపలికి వెళ్ళింది. పదండి."

గౌస్ బాషా బూట్లు విప్పాడు.

లోపల వేరే లోకం. అవిసె చెట్లకి అల్లుకున్న తీగలు, పైన ఆకాశం కనబడని పచ్చదనం, వరసల మధ్య పిల్లకాలవల్లో నీళ్ళు. గాలి లేదు. దుమ్ము లేదు. ముఖానికి తడి తగిలింది.

పదిహేడో వరసలో ఉంది. పిల్లకాలవ పక్కన వెల్లకిలా పడుకుని, తడిపిన చున్నీ కళ్ళ మీద వేసుకుని. ఊపిరి ఆడుతోంది. బతికే ఉంది.

"ఎవరు?"

"పోలీసులమమ్మా."

"చావడానికే వచ్చాను సార్. గట్టు మీద నిలబడితే ఇటు నుంచి చల్లటి తడి తగిలింది. కళ్ళు మండటం కొంచెం తగ్గింది. ఈ ఒక్క పూట ఇక్కడుందామనుకున్నాను, తెల్లారిపోయింది."

పిచ్చయ్య ఆమె పక్కన బురదలో కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీశాడు.

"నిన్న నీ కాగితాలన్నీ కొత్తపేటలో ఇంకో డాక్టరుకి చూపించానమ్మా. నాటకమో కాదో తేల్చుకుందామని, నీకు తెలీకుండా. ఆపరేషన్‌లో నరాలు తెగుతాయంట. కొందరికి అవి సరిగ్గా అతుక్కోవంట. చూపు బాగానే ఉంటుందంట. నొప్పి మాత్రం నిజమేనంట."

ఎస్సైకి జవాబు దొరికింది. కన్నబిడ్డ మాట నమ్మక ఊరు దాటి సాక్ష్యం వెతికినవాడు, ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు.

"తగ్గుతుందన్నాడా?"

"చెప్పలేనన్నాడు తల్లీ."

చున్నీ కింద నుంచి మాట వచ్చింది.

"పదకొండు నెలల నుంచీ నేను చెబుతున్నదీ అదే కదా నాన్నా."

పిచ్చయ్య ఆ చున్నీని నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ ఆమె కళ్ళ మీద వేశాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పొద్దు వాలేదాకా ఇక్కడ ఉండనిస్తారా అని జ్యోతిర్మయి అడిగింది. గౌస్ బాషా బయటికొచ్చి ఈతగాళ్ళని వెళ్ళిపొమ్మన్నాడు. డాక్టరుకి ఫోన్ చేసి తోట లోపలికే రమ్మన్నాడు. త్రినాథ్ అప్పటికే ఎవరికో ఫోన్ చేసి, కల్లం ఎత్తేయమనీ, కాయలు ఎక్కడన్నా పారబోయమనీ అరుస్తున్నాడు.

ఎస్సై ఆ ఎండలోనే, బూట్లు తొడుక్కోకుండా, దడి ముందు కాపలా కూర్చున్నాడు.