ముందు మినిట్స్, తర్వాత మీటింగ్

ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో ఒక్క మాట పట్టింపు రాలేదు. కావాలంటే పందెం కాస్తాను. రుజువు కూడా ఉంది. వాళ్ళ గొడుగుల కంపెనీ మినిట్స్ పుస్తకాలు పదకొండు తిరగేయండి, ప్రతి పేజీలోనూ ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్న ముక్కే. అలాంటి ఇల్లు ఏడేడు లోకాలు గాలించినా దొరకదు.

కింద కార్ఖానా, పైన కాపురం. మూడు నెలలకోసారి బోర్డు మీటింగు భోజనాల బల్ల దగ్గరే. ఆ పద్ధతి మాత్రం వాళ్ళకే చెల్లింది. మినిట్స్‌ని అమ్మ ముందురోజే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసేది. మర్నాడు టీ తాగుతూ అందరూ సంతకాలు గీకేవాళ్ళు. అదే మీటింగు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం సిద్ధం.

ఆ ఉదయం ఆ బల్ల దగ్గర చెల్లెలు ఆరేళ్ళ తర్వాత కూర్చుంది. పోయినేడు తండ్రి పోతూ తన వాటా ఆమె పేర రాశాడు కాబట్టి బోర్డులో మళ్ళీ చోటు దొరికింది. అన్నయ్యని మేనేజింగ్ డైరెక్టరు కుర్చీలోంచి దింపే ఈ ఒక్క పూట కోసం రెండువేల పొద్దులు ఓపిక పట్టింది.

ఆరేళ్ళ కిందట ఆమె ఆసుపత్రిలో పురిటి మంచం మీద ఉండగా మినిట్స్ పుస్తకం వచ్చింది. అలవాటు కొద్దీ సంతకం పెట్టింది. నెల తిరిగాక పాపనెత్తుకుని కార్ఖానాకి వస్తే, ఆమె బొమ్మలు గీసుకునే బల్ల సామాన్ల గదిలో బోర్లించి ఉంది. ‘ఆరోగ్య కారణాల రీత్యా స్వచ్ఛందంగా తప్పుకుంటున్నాను’ అని రాసిన పేజీ కింద ఆమె సంతకమే! ఆ కంపెనీ నిలబడిందే ఆమె గీసిన మూడు మడతల గొడుగు మీద.

“ఏమే, టీ చల్లారిపోతోంది,” అంటూ అన్నయ్య పెన్ను మూత తీశాడు. “ఎక్కడ పెట్టాలమ్మా?”

అమ్మ పేజీ అడుగున వేలు ఆనించింది. “ఒకసారి చదువుకోరా.”

“బ్రహ్మరాతా, నీ రాతా చదివి ఎవడేం చేస్తాడమ్మా!” అని నవ్వుతూ గీకేశాడు.

చెల్లెలు కప్పు కింద పెట్టింది. “ఇప్పుడు పైకి చదువన్నయ్యా. వంటింట్లో వదినకీ వినపడాలి.”

“మేనేజింగ్ డైరెక్టరు ఆరోగ్య కారణాల రీత్యా స్వచ్ఛందంగా తప్పుకుంటు...” చటుక్కున ఆగిపోయాడు. “నాకేం రోగం?”

“నాకేం రోగముండింది? కాన్పు రోగమా?”

వదిన గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. “తినే కంచంలో మన్ను పోస్తున్నావు అమ్మాయ్!”

“కంచమే లాక్కున్నవాళ్ళు మన్ను గురించి మాట్లాడకండి వదినా. ఆరేళ్ళు ఇంకో కంపెనీలో ఎవరో గీసిన గొడుగులకి బొత్తాలు నొక్కి చూశాను. నా గొడుగు కింద ఊరంతా పొడిగా నడుస్తుంటే నేను తడిసి ఇంటికెళ్ళాను. ఒక్కసారి పిలిచాడా మీ ఆయన?”

ఇందాక పందెమన్నాను కదూ, ఓడిపోయాను, సంతోషంగా ఒప్పుకుంటున్నాను. అది మాట పట్టింపులు లేని ఇల్లు కాదు, అసలు మాటే లేని ఇల్లు. ఆ రోజు అన్నయ్య బల్ల గుద్దిన గుద్దుకి కింద కార్ఖానాలో నూటపన్నెండు గొడుగులు వాటంతటవే తెరుచుకున్నాయి.

“ఇలా రాయమని నీకెవరు చెప్పారమ్మా?” అని అరిచాడు.

“నేనే చెప్పాను,” అంది చెల్లెలు. “ఆరేళ్ళ కింద నువ్వు చెప్పలేదూ?”

“నేనా?”

“వాడు కాదే,” అంది అమ్మ. “అప్పుడు ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను.”

అమ్మ మినిట్స్ పుస్తకం మూసి కూతురి వైపు తిరిగింది.

“కాన్పయిన నాలుగోరోజు ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా నువ్వు గొడుగు కడ్డీల బొమ్మలే గీస్తున్నావు. డాక్టరమ్మ నన్ను కడిగేసింది. నేను చెబితే వినవు, పుస్తకంలో రాస్తే వింటావనుకున్నా. మూణ్ణెల్లాగి మళ్ళీ రాద్దాంలే అనుకున్నా. మీ నాన్న చదవలేదు, వీడు చదవలేదు. నువ్వూ చదవలేదు. నిన్న నువ్వు తెచ్చిన కాగితం చూడగానే నా పాపమే నా చేతికొచ్చిందని తెలిసింది. నోరు మూసుకుని రాశాను.”

“మరి మళ్ళీ ఎందుకు రాయలేదమ్మా?”

“ఎవరూ చెప్పలేదుగా. ముప్పై ఏళ్ళుగా చెప్పింది రాయడమే నా పని. నా అంతట నేను రాసింది ఆ ఒక్కటే, అదీ కొంప ముంచింది.”

చెల్లెలు కుంగిపోయింది. ఆరేళ్ళు నూరిన కత్తి చేతిలోనే ఉంది, నరకడానికి పగవాడు లేడు.

“నన్నప్పుడే వదలకు,” అన్నాడు అన్నయ్య తల దించుకుని. “నెల తిరక్కుండానే చదివాను, నీ బల్ల సామాన్ల గదిలో వేయించిందీ నేనే. నువ్వలా రాసే మనిషివి కాదని తెలుసు. తిరగరాయమని అమ్మకి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ పోటీ లేని కుర్చీ మెత్తగా ఉందే! నీ గొడుగు నాదని చెప్పుకున్నాను. అమ్మది పొరపాటు, నాది పాపం. నన్ను క్షమించు.” లేచి, బల్ల మొదట్లో ఉన్న తన కుర్చీ ఆమె కోసం వెనక్కి లాగాడు.

చెల్లెలికి కన్నీళ్ళు ఆగలేదు. “ఈ ముక్క అప్పుడే చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని కదరా! సరే. సంతకం సంతకమే, నువ్వు దిగాల్సిందే.”

“నేను ఒప్పుకోను,” అంది అమ్మ.

ముప్పై ఏళ్ళలో ఆ బల్ల మీద పడ్డ మొదటి ‘కాదు’ అది. వదిన చేతిలో గరిటె జారిపోయింది.

“ఒకడు దిగి ఒకతి ఎక్కితే మళ్ళీ అదే రాత. పగ్గాలు ఇద్దరూ పట్టుకోండి. చదివిగాని సంతకం పెట్టని బయటి మనిషిని ఒకరిని బోర్డులోకి తెండి. ఇక రాయడం ఎవరైనా చేసుకోండి. నేను మాట్లాడతాను.”

మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు, అదీ అసలైన మీటింగంటే. పొద్దున్నటి పేజీ కొట్టేసి, కొట్టివేత పక్కన ముగ్గురూ సంతకాలు పెట్టారు. చెల్లెలి పగ చల్లారిందా అంటే, కొత్త తీర్మానంలో ప్రతి వాక్యం అన్నయ్య చేత రెండేసిసార్లు పైకి చదివించింది. ఆ మాత్రం చురక అంటించకపోతే ఆరేళ్ళ మంట ఎక్కడికి పోతుంది?

ఇంకొక్క మాట. అన్నయ్య ‘నన్ను క్షమించు’ అన్నాడని రాశాను చూశారూ, అది నేను కలిపింది, మీ కళ్ళు తడవాలని. ఆయన నోట ఆ మాట రానే లేదు. కుర్చీ లాగి, ఆమె కూర్చునేదాకా నిలబడ్డాడు, అంతే. ఆమె మాత్రం ఆ మాట విన్నట్టే కూర్చుంది.