మార్పిడి పూచీ

లాస్యమ్మగారు పోయిన సంగతి బంధువులకన్నా ముందు కోర్టుకు తెలిసింది. పొద్దున ఆరున్నరకు ఆవిడ మణికట్టు మీది నమ్మిక కడియం మూడుసార్లు కుయ్యిమని మోగి, తనంతట తానే ఊడి మంచం పక్కన పడింది. కోడలు స్నిగ్ధ ఇంకా "అత్తయ్యా, అత్తయ్యా" అని భుజం కదిపి చూస్తుండగానే హాల్లో గోడపలక వెలిగింది.

'పూచీదారు మరణమునకు న్యాయస్థానము సానుభూతి తెలుపుచున్నది. నేటి సాయంత్రము ఐదు గంటలలోగా మార్పిడి పూచీ చూపనియెడల ముద్దాయి జైలుకు తరలింపబడును.'

"సానుభూతి ముందు రాశారు, అదొక మర్యాద," అనుకుంది స్నిగ్ధ, అత్తగారి కళ్ళు మూస్తూ.

ముద్దాయి లాస్యమ్మగారి ఒక్కగానొక్క కొడుకు, స్నిగ్ధ భర్త ప్రద్యుమ్న. తెనాలిలో మేడల లిఫ్టులు తనిఖీ చేసి సంతకాలు పెట్టే ఉద్యోగం అతనిది. వేసవిలో బైపాసు పక్క పదకొండంతస్తుల మేడలో లిఫ్టు తాడు తెగి, ట్యూషన్ చెప్పడానికి పైకి వెళుతున్న లెక్కల మాస్టారు చనిపోయాడు. తనిఖీ చేయకుండానే సంతకం పెట్టాడని పోలీసులు, చేశాకే పెట్టానని ప్రద్యుమ్న. కేసు నడుస్తోంది.

డబ్బు, ఇళ్ళ కాగితాలు చూపించి జామీను తెచ్చుకునే రోజులు పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఉన్నవాడు బయటా లేనివాడు లోపలా ఉండటం అన్యాయమని పెద్దలకు కాస్త ఆలస్యంగా తోచింది. ఇప్పుడు ముద్దాయి కోసం ఒక మనిషి నిలబడాలి. వాయిదాకు అతను వస్తాడని మనసారా నమ్మాలి. నాడిని, చెమటను, రక్తం వేడిని చదివి కడియం ఆ నమ్మకానికి నూటికి ఇన్ని అని అంకె వేస్తుంది. అరవై దాటితే ముద్దాయి ఇంట్లో ఉంటాడు. అతను వాయిదా ఎగ్గొడితే, దొరికేదాకా పూచీదారు జైల్లో ఉండాలి. ఇంట్లో ఉన్నా జైల్లో ఉన్నా పూచీదారు తనంతట తాను తప్పుకోవడానికి వీల్లేదు. నమ్మకం అరవై కిందికి దిగితేనే కడియం చేయి వదులుతుంది. నమ్మనివాళ్ళను పట్టి ఉంచడం న్యాయం కాదని చట్టం భావన.

లాస్యమ్మగారి అంకె ఎప్పుడూ తొంభై ఆరు. కొడుకు పేరు చెబితే చాలు, కడియానికి ఇంకేమీ అడగాల్సిన పని ఉండేది కాదు.

పన్నెండింటికి దహనం ముగించి ప్రద్యుమ్న తడి తలతోనే కోర్టుకు వచ్చాడు. చావింటికి మూడు రోజుల గడువు ఇవ్వాలన్న సవరణ ఏడేళ్ళుగా ఒక కమిటీ దగ్గర ఉంది. ఈలోపు ఆ కమిటీలోనే ఇద్దరు పోయారు. భార్యను మించిన పూచీ ఏముంటుందని స్నిగ్ధే నిలబడింది. వెనక బెంచీ మీద కూతురు ఇందుజ కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నాయనమ్మ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

పరీక్షకురాలు బుగ్గన లవంగం పెట్టుకుని, కొత్త కడియం స్నిగ్ధ చేతికి తొడిగింది. "మూడే ప్రశ్నలమ్మా. నోటితో చెప్పక్కర్లేదు. వింటే చాలు, మీ ఒళ్ళే చెబుతుంది. ఇతను మీకు బాగా తెలుసా?"

పలక మీద తొంభై తొమ్మిది పడింది.

"పారిపోయే రకమా?"

కాదన్న నమ్మకం ఎనభై ఎనిమిది.

"చెప్పిన వేళకు వస్తాడా?"

ఇరవై రెండేళ్ళుగా "ఐదు నిమిషాల్లో అక్కడుంటా, కంచం పెట్టెయ్" అనే గొంతు విని, వడ్డించిన అన్నం మీద మూత పెట్టి, మూత తీసి, మళ్ళీ వేడిచేసిన ఒళ్ళు అది. స్నిగ్ధ మనసు కోర్టును తలుచుకునేలోపే ఒళ్ళు సమాధానం చెప్పేసింది.

ముప్పై నాలుగు.

"అది అన్నం సంగతండీ," అంది స్నిగ్ధ కంగారుగా. "కోర్టుకు వస్తారు. భోజనానికే రారు."

"దానికి ఆ తేడా తెలీదమ్మా. మూడో ప్రశ్నకే విలువ." పరీక్షకురాలు కడియం తీసి ఒక కాగితం ముందుకు జరిపింది. "ఇక ఈ కేసులో మీరు ఇటు చెప్పినా అటు చెప్పినా మీ మాట చెల్లదు. ఇక్కడ సంతకం పెట్టండి."

ప్రద్యుమ్న ఆ అంకెను చాలాసేపు చూశాడు. తల్లి చితి ముందు కూడా అతని ముఖం అంత పాలిపోలేదు.

"ఏమండీ, నేను అనుకున్నది అది కాదు..."

"నువ్వు అనుకున్నది కాదులే. నీలో ఉన్నది," అన్నాడతను మెల్లగా.

నాలుగూ నలభైకి ఇందుజ లేచి చేయి చాపింది. వద్దని అనబోయింది స్నిగ్ధ. గోడ మీది గడియారం చూసి ఊరుకుంది. మూడు ప్రశ్నలు అడిగారు. తొంభై మూడు పడింది. కడియం క్లిక్కుమంది.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం ఇందుజ తన గదిలో చదువుకుంటోంది. ప్రద్యుమ్న వంటింట్లోకి వచ్చి బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు. అతను వంటింట్లో కూర్చోగా స్నిగ్ధ ఎన్నడూ చూడలేదు.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు. "నీ దగ్గర నాకు పోయేదేమీ లేదుగా. ముప్పై నాలుగు ఎలాగూ వచ్చింది."

"చెప్పండి."

"ఆ మేడ నేను ఎక్కలేదు. టీ బంకు దగ్గర నిలబడి సంతకం పెట్టాను. తాడు అరిగిందని వాచ్‌మన్ రెండుసార్లు చెప్పాడు. వచ్చే నెల చూద్దామన్నాను."

స్నిగ్ధ పొయ్యి ఆపింది.

"అమ్మకు చెప్పలేకపోయాను, కడియం ఊరుకోదు. ఇందుజకు చెప్పలేను, అదీ అంతే. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా..." అతను డబ్బా అంచును గోటితో గీకాడు. "ఇరవై ఆరున వాయిదా. నేను వెళ్ళను. ఆ మాస్టారి భార్య ముందు బెంచీలో కూర్చుంటుంది. నా వల్ల కాదు."

"మరి పిల్ల?"

"ఇందుజకేం, గట్టిపిల్ల. తట్టుకుంటుంది. చదువుకునే పిల్లని ఎన్నాళ్ళుంచుతారు?"

మెతక మనిషనే ఇన్నేళ్ళూ అనుకుంది స్నిగ్ధ. మెత్తటి చోట ఇంత లోతు ఉంటుందని అనుకోలేదు. బతిమాలింది. తిట్టింది. అతను అన్నిటికీ తలూపాడు.

కోర్టుకు చెబుదామంటే ఆమె మాట చెల్లదు. మిగిలింది ఒకటే దారి. ఆ సాయంత్రమే కూతురి గదిలోకి వెళ్ళి, విన్నది విన్నట్టు చెప్పింది.

ఇందుజ పుస్తకం మూసింది. "నాన్నని నువ్వు ఎప్పుడు నమ్మావు గనక?"

"నా సంగతి వదిలెయ్, ఇందూ. నీ సంగతి చూసుకో."

"కోర్టు పలక మీద అందరం చూశాం కదమ్మా. నాయనమ్మ పోయిన రోజు. ఆయన తల ఇంకా తడిగా ఉంది."

కడియం మీద అంకె తొంభై మూడు నుంచి తొంభై ఐదుకు ఎక్కింది.

స్నిగ్ధ భర్తను పిలిచింది. "ఏమండీ, పిల్ల ముందు చెప్పండి. ఇరవై ఆరున ఏం చేస్తారో."

ప్రద్యుమ్న గడపలో నిలబడి కూతురి చేతి వంక చూశాడు. "వస్తానమ్మా," అన్నాడు. "మీ అమ్మ బెంగ పెట్టుకుంది, అంతే."

తొంభై ఏడు.

ఇరవై ఐదున అతను చెప్పులు కుట్టించుకొస్తానని బయటికి వెళ్ళాడు. ఇరవై ఆరున ఐదు గంటలకు ఇద్దరు ఆడ పోలీసులు వచ్చి ఇందుజను తీసుకువెళ్ళారు. తన వంతుగా స్నిగ్ధ వాళ్ళకు దుప్పటి, దువ్వెన, దగ్గు మందు ఇచ్చింది. పిల్లకు బదులు తనను తీసుకోమంది. మాట చెల్లకపోయినా పరీక్షకు అడ్డు లేదని, పూచీ మార్చాలంటే అదే దారని అన్నారు. మళ్ళీ కడియం తొడిగారు, మళ్ళీ మూడో ప్రశ్న అడిగారు. ఈసారి ఒకటి పడింది. ఆ ఒకటి ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు.

సోమవారం సోమవారం జైలు కిటికీ దగ్గర ములాఖత్. మొదటి నెల ఇందుజ కబుర్లన్నీ తండ్రి గురించే. ఒంట్లో బాగోలేదేమో, ఎక్కడైనా పడిపోయాడేమో. స్నిగ్ధ ఎన్నిసార్లు నిజం చెప్పినా అంకె అర కూడా దిగలేదు. రెండో నెల పిల్ల మాట తగ్గించింది. మూడో నెలలో పరీక్షల తేదీ దాటిపోయింది. చెంపల ఎముకలు తేలాయి. కడియం మాత్రం వదులయ్యేకొద్దీ తనే బిగుసుకుంటూ తొంభై ఏడు చూపిస్తూనే ఉంది.

పద్నాలుగో సోమవారం స్నిగ్ధ మంచి చీర కట్టుకుని, ముఖాన నవ్వు తెచ్చుకుని వెళ్ళింది.

"నాన్న ఫోన్ చేశారే."

ఇందుజ కిటికీ ఊచలు పట్టుకుంది. "ఎలా ఉన్నాడు?"

"బాగున్నారు పాపం. ఒడిశాలో ఏదో పని దొరికిందట. అనవసరంగా ఆడిపోసుకున్నాను ఆయన్ని. నీ గురించే అడిగారు. 'ఇందుజకేం, గట్టిపిల్ల, తట్టుకుంటుంది. ఇంకో రెండేళ్ళు ఎలాగో అక్కడే ఉండనీ' అన్నారు. నేనూ సరేనన్నాను."

ఇందుజ తల్లి ముఖంలోకి చూసింది. కళ్ళు, పెదాలు, చీర మడతలు, అన్నీ ఒకటొకటిగా చూసింది. తొంభై ఏడు ఎనభై అయింది. డెబ్భై. నలభై ఒకటి. క్లిక్కుమని కడియం ఊడి సిమెంటు గట్టు మీద పడింది.

"వెళ్ళచ్చమ్మా," అంది వార్డరు.

ఆటోలో ఇందుజ ఒక్కటే అడిగింది. "ఏ రోజు చేశాడు?"

"మంగళవారం."

"ఎన్నింటికి?"

"మూడింటికి. బట్టలు మడతపెడుతున్నాను."

వారం తరువాత ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నారు. ఇందుజ చేతులు ఆపకుండానే అంది. "ఫోను రాలేదని నాకు అప్పుడే తెలుసమ్మా."

స్నిగ్ధ చేతిలోని క్లిప్పు కింద పడింది. "మరి కడియం..."

"ఆ పదమూడు వారాలూ నువ్వు చెప్పింది నమ్మలేదు. నాన్న మీద కోపంలో ఆయనన్నది తప్పుగా విన్నావనుకున్నా. కానీ నువ్వు అబద్ధం మాత్రం ఎప్పుడూ ఆడవు. ఆ రోజు మంచి చీర కట్టుకుని, నవ్వుతూ ఆయన్ని పొగిడావు. నువ్వు కూడా అబద్ధం ఆడాల్సి వచ్చిందంటే, ఇక ఆయన రాడని అర్థమైంది."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

"ఇక నుంచి నువ్వేం చెప్పినా ఏ రోజు, ఎన్నింటికి అని అడుగుతాను," అంది ఇందుజ. "ఏమనుకోకు. అడగకుండా ఉండలేకపోతున్నాను."

"అడుగు," అంది స్నిగ్ధ.

తీగ మీద చివరి దుప్పటి మిగిలింది. ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, దాన్ని మడవడం మొదలుపెట్టారు.