రేకుల కింది యుద్ధం

శిరీష చాటలో బియ్యం ఏరుతోంది. ఎడమచేతి వేళ్ళు రాళ్ళనూ మట్టిబెడ్డలనూ పట్టి పక్కకు విసురుతున్నాయి. కుడిచేతి చిటికెనవేలు మాత్రం గోడకు ఆనించిన ఫోనులోని యుద్ధం ఆటలో బల్లెం సిపాయిలను వాగు ఒడ్డుకు జరుపుతోంది. చిటికెనవేలే ఎందుకంటే మిగతా వేళ్ళన్నిటికీ తవుడు అంటుకుంది.

అది ఇంటి వెనక వసారా. పైన ఇనుప రేకులు. ముందింట్లో కుర్చీలు తుడుస్తున్న వాళ్ళమ్మ ముత్తవ్వ అక్కడి నుంచే అరిచింది.

"ఓ పిల్లా, వాళ్ళొచ్చే యాల్లయితుంది. చీర కట్టుకుంటవా, గట్లనే కూసుంటవా?"

"మాపటికి గద అవ్వా వచ్చేది. ఈ బియ్యం కానియ్యి."

కానీ పెళ్ళిచూపులకు రావలసిన ఇందల్వాయి వాళ్ళు మబ్బు చూసి ముందే బయలుదేరారు. బోధన్ దాటి, చెరుకు తోటల మధ్య నుంచి ఊళ్ళోకి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. పిల్లను చూడవచ్చిన రాజశేఖర్, కారు దిగుతూనే బురదలో కాలు పెట్టాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరటి దారి ఎటో చూపించారు. ఆ దారి వసారా మీదుగానే పోతుంది.

అట్లా చూడవలసిన పిల్లను అతను అందరికంటే ముందే చూశాడు. వెలిసిపోయిన చుడీదారులో, ముక్కు మీద తవుడుతో. నిజానికి అతను మొదట చూసింది పిల్లను కూడా కాదు, ఫోనును.

"అయ్యో, బల్లేలోళ్ళను ముందట వెట్టకుండ్రి! సస్తరు!"

శిరీష తలెత్తింది. గడపలో పొడుగాటి మనిషి. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అర్థమైంది. ఇప్పుడు సిగ్గుపడి లోపలికి ఉరకాలనీ తెలుసు. కానీ ఆట నడుమ ఉంది.

"సావరు," అంది. అని, బల్లేల వాళ్ళను ముందే పెట్టింది.

శత్రువు గుర్రాలు వాగులోకి దూకాయి. వాగులో బురద. సగం దాటేసరికే వాటి వంతు అయిపోయింది. అక్కడే, నీళ్ళ నడుమ నిలబడిపోయాయి. శిరీష చిటికెనవేలితో వెనకనున్న విలుకాళ్ళను ఒకసారి తాకింది. గుర్రాలన్నీ మాయమయ్యాయి.

"అరె!" రాజశేఖర్ అక్కడే గొంతుక్కూర్చోబోయాడు.

"కాళ్ళు గడుక్కునే నల్లా అటు," అంది శిరీష, బియ్యం వైపు చూస్తూనే.

*

చీర కట్టుకుంది. చాయ ఇచ్చింది. అడిగినవాటికి తలూపింది. శిరీష ఎప్పుడూ తక్కువే మాట్లాడుతుంది. బోధన్‌లో డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆమె గొంతు వినని సారులు కూడా ఉన్నారు. సంబంధం తెచ్చిన వెంకటి కాక, "పిల్లలిద్దరు జరసేపు మాట్లాడుకోనియ్యుండ్రి" అనడంతో వాళ్ళిద్దరినీ మళ్ళీ ఆ వసారాలోకే పంపారు.

కుర్చీలో కూర్చున్న రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర సీసీ కెమెరాలు బిగించే దుకాణం నడుపుతాడు. అడగడానికి అమ్మ హన్మవ్వ చాలా మాటలు నేర్పి తీసుకొచ్చింది. అవన్నీ అతను మరిచిపోయాడు.

"మీరు ఏ హీరోతోటి షురూ చేస్తరు?"

"ముసలమ్మతోటి."

ఆ ఆట మొదలుపెట్టాలంటే ముందు ఒక నాయకుణ్ణి ఎంచుకోవాలి. గుర్రం మీద రౌతు ఉంటాడు, విలుకాడు ఉంటాడు, గాయాలు మాన్పే ముసలమ్మ ఉంటుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు ఎత్తు వేస్తూ పోవాలి. నీ ఎత్తు అయ్యేదాకా నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి.

"ముసలమ్మనా?" రాజశేఖర్ కళ్ళు పెద్దవయ్యాయి. "కట్టె వట్టుకొని కుంటుకుంట ఒక్కొక్క గడి పోతది గద ఆమె! ఆమెను ఎవలన్న తీసుకుంటరా?"

"నేను తీసుకుంట. మీరు?"

"ఇంకెవరు, రౌతు! మేం దోస్తులందరం పటేల్ అంటం ఆయనను. మొదటి రోజే నాలుగు గనులు కబ్జా చేస్తడు మా పటేల్."

"నాలుగు గనులకు ఎంతమంది సిపాయిలు సస్తరు?"

"సగం మంది వోతరు. గనుల పైసలొస్తయి గద, కొత్తోళ్ళను కొనుక్కుంట."

"అంటే, పాతోళ్ళు పోతే పోయిండ్రనుకుంటరు."

సరిగ్గా అప్పుడే వాన దిగింది.

రేకుల మీద వాన ఎట్లా పడుతుందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. బస్తాలకు బస్తాలు శనగలు కుమ్మరిస్తున్నట్టు పడుతుంది. పక్కనున్న మనిషి పెదవులు కదలడం కనిపిస్తుంది తప్ప మాట వినిపించదు.

"ఏందీ?" అన్నాడు రాజశేఖర్.

"పాతోళ్ళు సస్తే మీకేం బాధ లేదా అంటున్న!" శిరీష గొంతు పెంచింది.

"యుద్ధమన్నంక సావరా?"

"మావోళ్ళు సావరు! ముసలమ్మ ఉన్నది! మొదలు ఎంతమందో ఆఖరికీ గంతమందే!"

"అప్పటిదాంక నేను మీ కోట తీసుకుంట!"

"ఏందీ?"

"మీ కోట! తీసుకుంటా!"

"రాండ్రి, చూస్త! మా వాగు దాటి రాండ్రి!"

శిరీష లేచి నిలబడింది. తాను అరుస్తున్నానని ఆమెకు తెలుస్తోంది. ఇట్లా అరవడం ఇంత బాగుంటుందని మాత్రం ఇన్నేళ్ళూ తెలియదు. అతనూ లేచాడు. రేకుల అంచు నుంచి కారే నీళ్ళు అతని చొక్కా భుజం తడిపేస్తున్నాయి. జరగాలని కూడా అతనికి తోచలేదు. ఆమె వైపే చూస్తున్నాడు. శిరీష కళ్ళు తిప్పుకుని, అంతలోనే మళ్ళీ చూసింది. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"మనిద్దరం ఆడుదామా?" అని అరిచాడు.

"ఆడుదాం!" అని అరిచింది.

ఫోనులు తీసి ఆటలో ఒకరి పేరు ఒకరు చేర్చుకున్నారు. ఇంతలో వెంకటి కాక వచ్చి, ఊరి బయటి వాగు పొంగితే కష్టమని, పిల్లవాణ్ణి పిలుచుకుపోయాడు. ముందింట్లో పెద్దలు ఎందుకో ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు. హన్మవ్వ, "చెప్పి పంపుతం మరి" అని చెప్పి కారెక్కింది.

*

చెప్పి పంపలేదు.

ఆట మాత్రం సాగింది. పొద్దున అతని ఎత్తు, మధ్యాహ్నం ఆమె ఎత్తు. కెమెరాలు బిగించడానికి ఏ నిచ్చెన మీద ఉన్నాడో కానీ, ఒక్కరోజూ అతను తప్పలేదు. ఆ ఆటలో మాటలు రాసుకునే వీలు లేదు. "శభాష్", "అయ్యో", "త్వరగా ఆడు" అని మూడు బొత్తాలు ఉంటాయి, అంతే. శిరీష మంచి ఎత్తు వేసినప్పుడల్లా అతను శభాష్ నొక్కేవాడు. ఆమె తనవాళ్ళను కాపాడుకున్నప్పుడే కాదు, అతని పటేల్‌ను బురదలో దింపినప్పుడు కూడా.

శిరీష అతని ఎత్తులు చూసేది. మనిషి ఎదురుగా ఉంటే సూటిగా చూడలేం. ఎత్తులను ఎంతసేపైనా చూడొచ్చు. అతను మొదటి రోజులన్నీ అన్నట్టే పటేల్‌ను ఉరికించాడు. రెండు గనులు గుంజుకున్నాడు. తర్వాత ఒకరోజు అతని విలుకాడొకడు గాయపడి చిత్తడిలో వెనకబడిపోయాడు. పటేల్ మూడో గని వాకిట్లో ఉన్నాడు. ఇక విలుకాడి పని అయిపోయిందనుకుంది శిరీష.

మరునాడు ఫోను తెరిస్తే, పటేల్ గుర్రం వెనక్కి తిరిగి ఉంది. గని వదిలేసి, చిత్తడిలో దిగి, ఆ ఒక్క విలుకాడి పక్కన నిలబడింది.

ఆమె ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

"పప్పు మాడె, ఇల్లంత పొగనాయె! ఏం చూస్తున్నవే దాంట్ల?" అంది ముత్తవ్వ.

"ఏం లేదవ్వా."

"ఏం లేదంటవ్. గా పొద్దు గట్ల ఒర్లకపోతే వాళ్ళు ఫోన్ చేస్తుండిరి. ఉన్నన్ని దినాలు నోట్లె మాట లేకపాయె, ఆ పొద్దే లేవాల్నా నీ నోరు? ఇల్లెగిరిపోయేటట్టు కొట్లాడుకుంటిరి. హన్మవ్వ మొకం సూడలేకపోయిన."

శిరీష గరిటె పట్టుకుని నిలబడిపోయింది. కొట్లాటా? తండ్రి రామ్‌దాస్ వైపు చూసింది. ఆయన చెరుకులోకి కాలువ నీళ్ళు వదిలి అప్పుడే వచ్చాడు.

"బాపూ, మేం కొట్లాడలే. ఒకసారి వాళ్ళను అడుగరాదు?"

"ఆడపిల్ల దిక్కోళ్ళం, మనం అడుగుడేందమ్మా? అల్కగ, చులకనగ చూస్తరు. వాళ్ళకు కావాల్నంటే వాళ్ళే అడుగుతరు." రామ్‌దాస్ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "అయినా పోనియ్యి. వచ్చే ఆదివారం బాన్సువాడోళ్ళు వస్తమన్నరు. పిలగాడు మంచోడట."

ఆ మంచోడెవరో శిరీషకు తెలియదు. చిత్తడిలో గుర్రం తిప్పిన మనిషి మాత్రం తెలుసు. కానీ అతను కూడా ఇంటి వాళ్ళతో అడిగించలేదు కదా. రోజూ ఒక శభాష్ పంపిస్తున్నాడు. ఆ శభాష్‌కు అర్థం నువ్వు కావాలనా, నువ్వు బాగా ఆడతావనా? ఆ మూడు బొత్తాల్లో ఏది నొక్కి అడగాలి?

ఆగడం ఆమెకు అలవాటు. ఎదుటివాడు తొందరపడేదాకా ఆగితే గెలుపు మనదేనని ఆమె ఆటంతా నడిపింది. ఈసారి ఎదుటివాడు కూడా ఆగుతున్నాడు. అందరూ ఆగితే ఆదివారం మాత్రం ఆగదు.

మధ్యాహ్నం, ఆమె వంతు వచ్చింది. సిపాయిలందరినీ కోటలోనే ఉంచింది. తలుపు తీసింది. ముసలమ్మ ఒక్కతే, కట్టె పట్టుకుని, ఒక్కొక్క గడి నడుచుకుంటూ వాగు దాటి పటేల్ గుర్రం ఎదురుగా పోయి నిలబడింది.

ఆ ఆట తెలిసినవాళ్ళు ఎవరూ అట్లా చేయరు. నాయకురాలు పడిపోతే ఆట అక్కడితో అయిపోతుంది.

*

మరునాడు పొద్దున అతని ఎత్తు రాలేదు. శిరీష పదిసార్లు ఫోను చూసి, విసుగొచ్చి, దాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టింది. అందరూ అన్నాలు తిని లేస్తుండగా రామ్‌దాస్ ఫోను మోగింది. ఆయన చెవి కొంచెం మందం. ఎవరు చేసినా స్పీకరు పెట్టేస్తాడు.

"హలో, ఎవలు?"

"నమస్తే మామా. నేను, రాజశేఖర్‌ను. ఇందల్వాయి. వెంకటి కాక నంబరిచ్చిండు."

మామా అన్న మాట ఇల్లంతా వినిపించింది. ముత్తవ్వ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

"చెప్పు బిడ్డా."

"శిరీష... ఆమె పానం బాగున్నదా?"

"బాగనే ఉన్నది. ఏం?"

"ఏం లేదు మామా. నిన్న ఆమె ఒక్కతే కోటల నుంచి బయటికొచ్చింది. ఎంబడి ఎవ్వలు లేరు. నాకు పరేషాన్ అయితుంది."

రామ్‌దాస్ కూతురి వైపు చూశాడు. కూతురు వంటింటి గడప పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం కోట బిడ్డా? మా పిల్ల నిన్నంతా ఇంట్లనే ఉన్నది. బట్టలుతికింది."

"ఇటియ్యి బాపూ," అని శిరీష ఫోను అందుకుంది. స్పీకరు తీయడం ఆమెకు గుర్తులేదు. "నేనే."

"ఎందుకొచ్చిండ్రు బయటికి?" అతని గొంతులో ఆయాసం. "మీది మీకు తెలుస్తుందా? నేనొక్క దెబ్బ కొడితే అయిపోతుండె."

"కొట్టలేదు గద."

"ఎట్ల కొడ్త!"

"ఆదివారం బాన్సువాడోళ్ళు వస్తున్నరు. నన్ను చూస్తందుకు."

అటు నుంచి నిచ్చెన గోడకు తగిలిన చప్పుడు వచ్చింది.

"మీరే నన్ను వద్దన్నరు గద," అన్నాడు రాజశేఖర్.

"ఎవలన్నరు గట్ల?"

"మా అమ్మ. పిల్ల గంతగనం ఒర్లింది, ఆమెకు నువ్వు నచ్చలే, ఇష్టముంటే వాళ్ళే చెప్పి పంపుతరు అన్నది. నేను రోజూ చూస్తున్న. మీరు చెప్పి పంపకపోతిరి."

"వాన పడుతుండె! రేకుల కింద మెల్లగ మాట్లాడితే మీకు వినబడుతుండెనా?"

"లేదు."

"మరి?"

"నాకైతే ఆ వాన ఇంకింత సేపు పడితే బాగుండనిపించింది."

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో దగ్గో తెలియని చప్పుడొకటి బయటికి వచ్చింది.

"ఎవలో నవ్వుతున్నరు," అన్నాడు రాజశేఖర్.

"స్పీకర్ల ఉన్నది."

"ఓరి దేవుడా. నమస్తే అత్తమ్మా."

ఇప్పుడైనా లోపలికి ఉరకొచ్చు. శిరీష చెంపలు కాలిపోతున్నాయి. ఎదురుగా తండ్రి కిందిచూపుతో కూర్చుని ఉన్నాడు. ఆమె ఉరకలేదు.

"నాకు ఇష్టమే," అంది. గొంతు పెంచలేదు. వాన కూడా లేదు, ఇంట్లో అందరికీ వినిపించింది. "మీరు అడుగుతరని చూసిన. అడుగకపోతిరి. అందుకే నేనే వచ్చిన. మీకు?"

"ఫోన్ మాట్లాడుకుంటనే నా ఎత్తు ఏసిన. చూసుకోండ్రి."

శిరీష వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బా మీది ఫోను తిప్పింది. పటేల్ గుర్రం దిగాడు. ఆ ఆటలో రౌతు గుర్రం దిగొచ్చని కూడా ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. సిపాయిలందరినీ వెనక్కి పంపించేసి, నడుచుకుంటూ వచ్చి ముసలమ్మ పక్క గడిలో నిలబడ్డాడు.

ఆమె శభాష్ నొక్కింది. నొక్కి, గోడకు ఆనుకుని, గట్టిగానే నవ్వింది. అటు వైపు నవ్వు రామ్‌దాస్ ఫోనులోంచి ముందింట్లోకి వినిపించింది.

ఫోను పెట్టేశాక ముత్తవ్వ మెల్లగా అంది, "ఇగ పిలగాడు చెప్తడు, హన్మవ్వ ఫోన్ చేస్తది. రేపో ఎల్లుండో. అప్పటిదాంక చూద్దాం. ఏమంటవయ్యా?"

రామ్‌దాస్ లేచి పెరట్లోకి పోయి ముఖం కడుక్కున్నాడు. దండెం మీదున్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. కొత్త తువ్వాల భుజాన వేసుకున్నాడు. కూతురి ముందు నుంచే పోతూ, ఆమె తలను అరచేత్తో ఒకసారి నిమిరాడు. మేకుకు వేలాడుతున్న బండి తాళం తీసుకున్నాడు.

"నీళ్ళు మళ్ళేసి వస్తవా? గా తెల్లంగితోనా?" అంది ముత్తవ్వ. "ఓ అయ్యా, నిన్నే. యాడికి?"

ఆయన చెప్పులు తొడుక్కుని బండి తీశాడు. తల్లీ కూతుళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. వీధి చివర ఎడమకు తిరిగితే చెరుకు చేను. కుడికి తిరిగితే బోధన్, నిజామాబాద్, ఆ పైన ఇందల్వాయి.

బండి కుడికి తిరిగింది.