మూడో అంతస్తు ఖాళీ

ఆ భవనంలో చివరి అద్దెదారు వెళ్ళిపోయి ఏడాదైంది. అయినా కాపలాదారు తన పని మానలేదు. రోజూ సాయంత్రం మెట్ల మొదట్లో నిలబడి, తల పైకెత్తి, గొంతు చించుకునేవాడు. "మూసేస్తున్నా, ఎవరైనా ఉన్నారా?" అంతస్తుకి మూడుసార్లు. జవాబిచ్చేవాళ్ళు లేరని తెలుసు. తెలిసినా మానడు. ఒట్టి మొండిఘటం.

ఒకప్పుడు ఊరి నడిబొడ్డున అంత ఎత్తు కట్టడం అదొక్కటే. కింద బట్టల కొట్టు, మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు, రెండో అంతస్తులో టైపు నేర్పే మాస్టారు, మూడో అంతస్తులో దర్జీలు. టైపు మిషన్ల టకటకలూ, పన్ను పీకించుకునేవాళ్ళ మూలుగులూ కలిసి మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చేవి. తర్వాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఒక్కొక్కరే బోర్డు పీక్కుని వెళ్ళిపోయారు. మెట్ల కింది గదిలో అతనొక్కడే మిగిలాడు.

దర్జీల దగ్గర కాజాలు కుట్టే పిల్ల ఒకతి ఉండేది. ఉబ్బసం మనిషి. ఎప్పుడు పిలిచినా ఒకటే జవాబు: "ఉన్నా బాబాయ్, రెండు నిమిషాలు." ముప్పై ఏళ్ళ కిందట, వరసగా మూడు రోజులు సెలవులనగా, కూతురి పురిటికి వెళ్ళే బస్సు తప్పిపోతుందని అతను ఆ సాయంత్రం పిలవకుండానే గేటుకి తాళం వేసి పరిగెత్తాడు. ఆ మూడు రోజులూ బజారంతా మూసి ఉండి అటు ఎవరూ రాలేదు; తిరిగొచ్చేసరికి ఆ పిల్ల లోపలివైపు గేటు ఊచలు పట్టుకుని కూర్చునే ఉంది. చల్లబడిపోయి ఉంది. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే అతనికి ఇన్నేళ్ళూ మింగుడుపడలేదు.

అప్పట్నుంచే మూడుసార్లు పిలవడం, ఎక్కినవాళ్ళెందరో దిగినవాళ్ళెందరో చూసుకున్నాకే తాళం వెయ్యడం.

ఆదివారం, దీపాలు పెట్టే వేళ, భవనం కూల్చేవాళ్ళ తరఫున ఇంజనీరు వచ్చాడు.

"రేపు ఆరింటికి మిషన్లొస్తాయి. లోపల ఎవరూ లేరని ఇక్కడో సంతకం పడెయ్యండి పెద్దాయనా."

"పిలిచి చూసి పెడతాను."

"ఏడాదిగా ఖాళీ కదండీ. ఎవర్ని పిలుస్తారు, బల్లుల్నా?"

అతను వినిపించుకోలేదు. పొద్దున్నే కరెంటు తీసేశారు. మెట్లనిండా చీకటి, చెమ్మెక్కిన సున్నం వాసన. మొదటి అంతస్తుకి పిలిచాడు. రెండో అంతస్తుకి పిలిచాడు. మూడో అంతస్తుకి ఒకసారి… రెండోసారి… మూడోసారి…

"ఉన్నా బాబాయ్. రెండు నిమిషాలు."

అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. అయినా లోపలెక్కడో చిన్న ఆశ కదిలింది. ఏడాది తర్వాత అతని పిలుపుకి బదులు పలికిన మొదటి గొంతు అది.

"విన్నారా బాబూ?" అన్నాడు గుసగుసగా.

"ఏం వినాలి?"

"పైన మనిషుంది. నేను సంతకం పెట్టను."

ఇంజనీరు తల పట్టుకున్నాడు. "మీతో మంచి చిక్కే వచ్చిపడింది. ఉండండి, నేనే చూసొస్తా. ఉంటే చెయ్యి పట్టుకుని దింపుతాను, సరేనా?"

కాగితం అతని చేతిలో పెట్టి ఎక్కేశాడు. బూట్ల చప్పుడు మొదటి అంతస్తు దాటింది. రెండు దాటింది. మూడు… ఆగిపోయింది.

అతను ఎదురుచూశాడు. పైనుంచి సన్నగా ఒక వాసన దిగివచ్చింది. వేడి ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వాసన.

"బాబూ… దిగుతున్నారా?"

మెట్లవైపు చెవి ఒగ్గాడు.

చాలాసేపటికి అడుగులు వినిపించాయి. నెమ్మదిగా… ఒక్కో మెట్టూ తడుముకుంటూ…

ఇంజనీరే. ముఖమంతా చెమట. ఊపిరి తీస్తుంటే గొంతులో పిల్లికూతలు. మెట్లెక్కిన ఆయాసం కాబోలు అనుకున్నాడు అతను.

"పైన ఆ పిల్ల లేదు" అన్నాడు ఇంజనీరు.

ఒక మనిషి ఎక్కాడు, ఒక మనిషి దిగాడు. అతని గుండె తేలికపడింది. కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టి ఇచ్చాడు. ఇంజనీరు దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుని గేటు దాటి, వీధి దీపం కింద ముఖం పైకెత్తి నిలబడ్డాడు.

"ఎంత వెలుతురు బాబాయ్" అన్నాడు.

జనంలో కలిసిపోయాడు.

అతను గేటు మూసి తాళం వేశాడు. వేశాక గాని ఆ మాట చెవిలో పడలేదు. బాబాయ్… ఇందాకటి దాకా పెద్దాయనా అన్నవాడు…

గేటు పక్కన ఇంజనీరు వచ్చిన మోటారు సైకిలు అలాగే ఉంది.

ఫోను తీసి, సాయంత్రం వస్తానంటూ పొద్దున్న ఇంజనీరు చేసిన నంబరుకే కలిపాడు.

మూడో అంతస్తు చీకట్లో ఫోను మోగింది.

రెండుసార్లు మోగింది. మూడోసారి మోగబోతుండగా… ఎవరో ఎత్తారు.

"పెద్దాయనా… నేనింకా పైనే ఉన్నా."