బర్రె తిన్న బొగ్గు

శాంతి కుమార్ భవిష్యత్తును బర్రె నములుతోంది.

బోధన్‌లో చెరకు రసం బండ్ల వాళ్లు పారేసే పిప్పిని బస్తాల్లో కోటగిరికి తెచ్చాడు. ఎండబెట్టి తరిగాడు. వడ్ల పొట్టు, బెల్లం వండగా మిగిలిన మడ్డి కలిపి అచ్చులో నొక్కి గడ్డలు చేశాడు. బొగ్గుకు బదులు పొయ్యిలో వేసుకోవచ్చు. ఈ సాయంత్రం వీరస్వామి హోటల్లో వెలిగించి చూపించాలి. బాగా మండితే బొగ్గు మానేస్తానని వీరస్వామి మాటిచ్చాడు. మండకపోతే శాంతి కుమార్ హైదరాబాదులో సెక్యూరిటీ పనికి పోవడమే.

బర్రె కూడా వీరస్వామిదే.

"ప్రిస్కిల్లా! మీ బర్రె నా సరుకంతా తింటున్నది!"

పక్కింటి గోడ మీదుగా వీరస్వామి కూతురు తొంగి చూసింది.

"అయ్యో, దానికి కడుపు నొస్తదేమో! ఏం కలిపినవ్ అండ్ల?"

"బెల్లం మడ్డి."

"మరి తినదా? అది బర్రె. తీపి ఏందో దానికి తెలుసు. నీ లెక్క కాదు."

"నా లెక్క అంటే?"

"రోజూ గోడ కాడికి వస్తవ్. పిప్పి ముచ్చట చెప్తవ్, పోతవ్. పొట్టు ముచ్చట చెప్తవ్, పోతవ్. నిన్న కొత్త డ్రెస్ ఏసుకొని నిలబడ్డ. ఏమన్నవ్?"

శాంతి కుమార్ గుర్తు చేసుకున్నాడు. చెవులు వేడెక్కాయి.

"జర పక్కకు జరుగు, గడ్డల మీద నీడ పడ్తున్నది అన్న."

"అందుకే బర్రె తాడు ఇడ్సిన."

"నువ్వే ఇడ్సినవా? ఇగ నేను హైదరాబాద్ పోవుడే!"

ప్రిస్కిల్లా నవ్వు ఆగిపోయింది.

"నిజంగనే పోతవా?"

"పోవాలని లేదు."

"ఎందుకో?"

"గడ్డలు..."

"మల్ల గడ్డలేనా!"

"గడ్డలకు కాదు!" శాంతి కుమార్ బర్రె వైపు చూస్తూ అనేశాడు. "నీ నీడ పడకుంటే నాకు తోచదు. అవి ఎండకున్నా మంచిదే."

ప్రిస్కిల్లా కిందికి వంగి, ఒక గంప ఎత్తి గోడ మీద పెట్టింది. నిండా గడ్డలు.

"బాగ ఎండినయన్నీ ముందుగాల్నే ఏరి దాసిన. బర్రెకు మిగిలినయి పచ్చియే. గంత పిచ్చిదాన్ననుకున్నవా?"

సాయంత్రం హోటల్ పొయ్యిలో గడ్డలు ఎర్రగా రాజుకున్నాయి. పొగ పలచగా లేచి పోయింది. చాయ్ పొంగింది. వీరస్వామి ఒక గుక్క తాగి, పొయ్యిని ఇంకోసారి వంగి చూశాడు.

"మంచిగనే మండుతున్నయ్. రేపటికెల్లి బొగ్గు బంద్."

"పొద్దుగాల్నే తెచ్చిస్త కాకా!"

"కాకా అనుడు సుత బంద్. మా పోరి తాడు ఇడుస్తుంటే కిటికీలకెల్లి సూస్తనే ఉన్న. బర్రెకే గంత తీపి తినబెట్టినోడివి, నా బిడ్డను ఉపాసం ఉంచవు గద. ఐతారం చర్చిల ఆరాధన అయినంక మీ అవ్వను తోల్కొని ఇంటికి రా."

శాంతి కుమార్ గబగబా తల ఊపాడు.

"సరే కాకా."

వంటింట్లో నుంచి ప్రిస్కిల్లా విసిరిన గరిటె ఎగిరి వచ్చి, అతని కాళ్ల దగ్గర పడింది.

"మామ అనాలె, మామ!"