నల్లా దగ్గరి మాట

హాలియాకు కాస్త దూరంలో ఉన్న ఆ హైస్కూల్లో ఏది అడిగినా పిల్లల దగ్గర ఒకటే జవాబు. పప్పులో పప్పు కనబడకపోయినా బాగుంది సార్, ఫ్యాను తిరగకపోయినా బాగుంది సార్.

అందుకే శనివారాల్లో మానసిక ఆరోగ్యం క్లాసు చెప్పే కౌన్సెలర్ నౌరీన్, హెడ్మాస్టరును పక్కన నిలబెట్టుకొని "నా క్లాసు ఎట్లుంది?" అని అడిగితే బడంతా ఏకకంఠంతో మెచ్చుకుంది. ఆమె మురిసిపోయింది. లెక్కల సారు ఫైసల్ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు.

"బెత్తం పక్కన పెట్టుకొని అడిగితే, మా పిల్లలు కాకరకాయ గూడ తియ్యగుందంటరు మేడమ్."

నౌరీన్ ఒక చూపు చూసింది. ఆ కోపపు చూపు ఫైసల్‌కు ఎంత నచ్చిందంటే, దాని కోసం ప్రతి శనివారం ఒక ఎత్తిపొడుపు తయారుచేసుకొని వచ్చేవాడు. "మానసిక ఆరోగ్య కేంద్రం" అని పెద్ద బోర్డున్న ఆమె గదికి ఈగలు తప్ప ఎవరూ పోవడంలేదన్నాడు. కళ్లు మూసుకొని ఊపిరి పీల్చమంటే వెనక బెంచీ గురక పెడుతోందన్నాడు. ఇంట్లో వాళ్ల అమ్మీ అతని పెళ్లి మాట ఎత్తితే మాత్రం మనసులో నౌరీనే మెదిలేది. ఇంత నోరున్నవాణ్ని ఆమె ఎందుకు చేసుకుంటుందన్న భయం కూడా మెదిలేది.

ఒక శనివారం నౌరీన్ పిల్లలతో కూర్చొని మధ్యాహ్న భోజనం తిని, పళ్లెం పట్టుకొని నల్లా దగ్గర లైన్లో నిలబడింది. ఆ బడిలో నిజం మాట్లాడే జాగా అదొక్కటే, సార్లు అటు రారు. పళ్లేల చప్పుడులో ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది. ఆ బోర్డు కిందికి పోయినవాణ్ని వారమంతా "మెంటల్" అంటారట. పైగా గోడకు అవతలే హెడ్మాస్టరు గది, ఇక్కడ ఏమన్నా ఆయనకు వినబడుతుందట.

మరుసటి వారానికి బోర్డు పోయింది, ఆమె కుర్చీ లైబ్రరీ మూలకు మారింది. అక్కడికి కథల పుస్తకానికి వచ్చిందెవరో, ఏడవడానికి వచ్చిందెవరో బయటివాళ్లకు తెలియదు. ఫైసల్‌కు మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోలు కూడా వెటకారంగానే వచ్చింది.

"ఇన్ని రోజులకు పిల్లల మాట విన్నరు."

"విన్న. మీ గురించి గూడ చెప్పిండ్రు. మార్కులు చదువుకుంట జోకులేస్తరంట, క్లాసంత నవ్వుతదంట. ఎవరి మీద వేస్తరో, వాళ్లకు ఆ రోజు అన్నం సయిస్తలేదంట."

బడి మొత్తంలో తనే సరదా మనిషినని ఫైసల్ నమ్మకం. ఎవరు చెప్పారని అడగబోయి, అది అడగకూడని మాట అని తెలిసి సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆ తర్వాత పరీక్ష పేపర్లు మడిచి ఎవరివి వాళ్ల చేతికే ఇచ్చాడు. నోరు దురద పెట్టినా ఓర్చుకున్నాడు. తన పళ్లెం తనే పట్టుకొని నల్లా దగ్గరికి కూడా పోయాడు. మొదట్లో పిల్లలు గప్‌చుప్. తర్వాత మెల్లగా మాటలు కలిశాయి.

ఒక శనివారం సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ వెళ్లిపోయారు. వరండాలో వాళ్లిద్దరే మిగిలారు.

"మా అమ్మీని మీ ఇంటికి పంపాల్నా, వద్దా? మీ మనసుల ఏమున్నదో చెప్పుండ్రి మేడమ్," అన్నాడు ఫైసల్.

నౌరీన్ హెడ్మాస్టరు గది వైపు చూసింది. తాళం వేసి ఉంది.

"ఎవ్వరు లేరు గనక నిజం చెప్త. మీకు నోరు జర ఎక్కువ. ఇప్పుడిప్పుడే దారికొస్తాంది." కొంగు మీద పడ్డ జల్లు దులుపుకొంది. "అమ్మీని పంపుండ్రి."

నాలుక మీదికొచ్చిన జోకును ఫైసల్ మింగేశాడు.

"బాగుంది మేడమ్," అన్నాడు. ఆ బడిలో ఆ మాట నిజంగా అన్నది అదే మొదటిసారి.