మెట్ల కింద గదిలో వైఫై

ఆ అద్దె ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. దాని ఇనపతలుపు పగటిపూట తియ్యడానికే జంకుతారు... ఇక చీకటి పడ్డాక సంగతి చెప్పక్కర్లేదు. లోపల లైటు వేస్తే ఆరిపోతుందని, మెడ మీద ఎవరిదో ఊపిరి తగులుతుందని, అద్దెకి దిగినవాళ్ళెవరూ అక్కడ ఏడాది నిలవలేదని ఆ వీధిలో చెప్పుకునేవారు.

వీధిలోంచి వచ్చే తీగ ఆ గదిలోనే ఇంట్లోకి దిగుతుంది. అందుకని వైఫై పెట్టడానికొచ్చినతను డబ్బాని అక్కడే గోడకి బిగించి, తలుపు మూసి, వెనక్కి చూడకుండా చక్కా పోయాడు. ఇంకేముంది... హాల్లో సిగ్నల్ ఒక్క గీత. పడగ్గదిలో అదీ లేదు.

"ఆ డబ్బాని హాల్లోకి మార్పించండీ" అని ఆ ఇంటి టీచరమ్మ మొగుణ్ణి పోరుతూనే ఉండేది. "చూద్దాంలే" అంటూనే ఉండేవాడాయన.

ఆ రాత్రి గాలివాన. సెల్ సిగ్నల్ పూర్తిగా చచ్చిపోయింది. హాల్లో ఉన్న ఆ ఒక్క గీత మీదే టీచరమ్మకి వీడియో కాల్ వచ్చింది — వేరే ఊరి ఆస్పత్రి నుంచి, ఒక నర్సు.

"మీ అమ్మగారికి కడుపులో పుండు పగిలిందమ్మా. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఆవిడేమో ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. సూది పీకేశారు. కాస్త మీరే చెప్..."

బొమ్మ ఆగిపోయింది.

అమ్మకి పుట్టుకతోనే వినపడదు. మాట రాదు. ఆవిడ లోకమంతా సైగలే. ఆ ఆస్పత్రిలో ఆ సైగలు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

టీచరమ్మ ఫోను ఎత్తి పట్టుకుని కుర్చీ ఎక్కింది. కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మొగుడు మెయిన్ స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు, టీవీ తీగ పీకాడు, తన ఫోను కట్టేశాడు. గుండ్రంగా తిరిగే చక్రం తిరుగుతూనే ఉంది.

"ఆ గదిలోకెళ్ళి డబ్బా పక్కన కూర్చుంటేగానీ లాభం లేదు" అంది.

"ఇప్పుడా? తెల్లారాక..."

"తెల్లారేదాకా అమ్మ ఉండొద్దూ?"

ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, ఎవరిదైనా కారు దొరుకుతుందేమో చూసొస్తానని వానలోకి వెళ్ళిపోయాడు.

తలుపు కిర్రుమంది. లైటు వేసింది. బూజు, చెమ్మ వాసన... గోడ మీద డబ్బా పచ్చగా మిణుకుమంటోంది. కాల్ కలిసింది!

తెర మీద అమ్మ. జుట్టు రేగిపోయి, మంచం మూలకి నక్కి ఉంది. కూతుర్ని చూడగానే చేతులు గబగబా లేచాయి: "వీళ్ళు నన్ను చంపేస్తారే!"

"లేదమ్మా, నేను చెప్పేది..."

లైటు ఆరిపోయింది.

డబ్బాలో పచ్చ కాస్తా ఎర్రగా మారింది. ఆ ఎరుపూ పోయింది. కరెంటు పోయిందనుకుంది... కానీ హాల్లో దీపం వెలుగుతూనే ఉంది. ఫోను నల్లబడింది. చీకట్లో తడుముకుంటూ డబ్బా ప్లగ్గు పీకింది, మళ్ళీ గుచ్చింది. పీకింది, గుచ్చింది.

అప్పుడు తగిలింది — మెడ మీద, చల్లగా, ఊపిరి.

పారిపోలేదావిడ. ఎక్కడికని పారిపోతుంది? వెనక్కి తిరక్కుండానే గుసగుసగా అంది:

"ఎవరివైనా సరే తల్లీ... నన్నేమైనా చేసుకో. మా అమ్మ పోతోంది. కాస్త కనికరించు..."

ఎంతసేపు ఏడ్చిందో తెలీదు. డబ్బా పచ్చగా వెలిగింది. తెర మీద నర్సు నవ్వుతోంది. మంచం ఖాళీ.

"ఎంత బాగా చెప్పారమ్మా! ఒప్పుకున్నారు. లోపలికి తీసుకెళ్ళారు."

"నేనేం చెప్పాను? లైను పోయిందిగా!"

"లేదే... బొమ్మ అస్సలు ఆగలేదు. కాస్త చీకటిగా ఉందంతే. చేతులు మాత్రం స్పష్టంగా కనపడ్డాయి."

మొగుడు కారు తెచ్చేసరికి టీచరమ్మ గుమ్మంలో చతికిలబడి ఉంది. లేచి కారెక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మకి తెలివొచ్చాక కూతురు పక్కన కూర్చుంది. అమ్మ నీరసంగా చేతులెత్తింది.

"లైటు ఆరాక నీ వెనకనుంచి ముందుకొచ్చిందే... ఆవిడెవరు?"

టీచరమ్మ కష్టం మీద సైగ చేసింది: "ఎవరూ లేరమ్మా."

అమ్మకి కోపమొచ్చింది. "నాకు లేనివి చెవులే. కళ్ళు కూడా లేవా?"

మళ్ళీ ఆ వేళ్ళు మెల్లగా కదిలాయి.

"ఆవిడకీ మాట రాదట. ఇలాగే కడుపులో పుండు పగిలిందట. జరిగేది ఏమిటో చెప్పేవాళ్ళు లేక, భయపడి ఆ గదిలో దాక్కుందట. మళ్ళీ ప్రాణాలతో బయటికి రాలేదట. 'నువ్వు మాత్రం దాక్కోకు... వెళ్ళు' అంది."